ఏ రోజుతో కథ ఆపాలి?

రాజకీయ నవలను సినిమాగా తీయబోయేవాళ్లు ముందు భయపడేది ఉపన్యాసాలకే. పుస్తకంలో పాత్ర నాలుగు పేజీలు ఆలోచిస్తే ఓపిగ్గా చదువుతాం. తెర మీద రెండు నిమిషాలు వాదిస్తే హాల్లో కదలిక మొదలవుతుంది. ఆ భయం సబబే. అసలు కష్టం మాత్రం వేరే చోట ఉందని ‘మా భూమి’ చూసిన ప్రతిసారీ అనిపిస్తుంది.

కృషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’లో, తెల్లవారితే ఉరికంబం ఎక్కబోయే రాఘవరావు జైలుగదిలో తన బతుకంతా తలపోసుకుంటాడు. బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలుగా 1979లో గౌతమ్ ఘోష్ ఆ నవలను ‘మా భూమి’గా తీసినప్పుడు ఆ రాత్రిని వదిలేశాడు. రాఘవరావు రామయ్య అయ్యాడు. కథ ఊళ్లోంచే మొదలై ముందుకు నడిచింది. నవలకు అన్యాయం చేశారనేవాళ్లతో మేం ఏకీభవించం. ఒంటరి మనిషి జ్ఞాపకం కాగితం మీద పండుతుంది. తెరకు ఊరు కావాలి.

మరి నవలలోని వాదన ఏమైంది? పాటలోకి వెళ్లింది. భుజాన గొంగడి, చేతిలో కర్ర, చుట్టూ జనం: యాదగిరి కట్టిన పాటను గద్దర్ ఎత్తుకోగానే, నైజాం మీద జనానికున్న కోపం ఏ పాత్రా విడమరచి చెప్పకుండానే మనకు తెలిసిపోతుంది. రామయ్య ప్రేమించిన చంద్రి దొరకు లొంగిపోవాల్సి రావడం, అతను తట్టుకోలేక ఊరు విడవడం కూడా అంతే. దొరతనం ఆడమనిషి ఒంటి దాకా వచ్చిందని వేరే చెప్పనక్కర్లేదు.

ఇంతవరకూ నేర్పు చాలు. తెగువ కావలసింది ముగింపు దగ్గర. 1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు. అక్కడ జెండా ఎగరేసి కథ ఆపేస్తే పెట్టుబడి పెట్టినవాడికీ, ఏలినవారికీ, చప్పట్లు కొట్టే ప్రేక్షకుడికీ హాయి. కానీ తెలంగాణ రైతుల సాయుధ పోరాటం 1951 అక్టోబర్ దాకా సాగింది. ‘మా భూమి’ ఆ సెప్టెంబర్ 17 దాటి నడిచింది. పారిపోయిన దొరలు ఖద్దరు వేసుకుని తిరిగొచ్చారని, పంచుకున్న భూమి చేజారుతోందని చూపించింది. ఆ చివరి భాగం లేకపోతే అది రాజకీయ చిత్రమే కాదు, గెలిచినవాళ్ల పండగ సినిమా అయ్యేది.

ఇప్పుడు ఓటీటీల కోసం నవలల హక్కులు కొంటున్నారు, సంతోషమే. తుపాకులున్న అధ్యాయాలు ఉంచుకుని, భూమి ఎవరి చేతికి పోయిందో చెప్పే అధ్యాయాలు కత్తిరించకండని వారిని అడుగుతున్నాం. నిజాం లొంగిపోయిన పోలీసు చర్య తర్వాతి తెలంగాణను రాసిన దాశరథి రంగాచార్య ‘జనపదం’ ముందు చదవండి.