అమ్మ అడిగిన సాంద్రత ప్రశ్న

తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మన హాస్టల్ స్టడీ అవర్లో గొంతు చించుకొని బట్టీపట్టిన వాక్యం నాకింకా గుర్తుంది. "ఘనపదార్థాల సాంద్రత ఎక్కువ, ద్రవాల సాంద్రత తక్కువ, వాయువుల సాంద్రత అతి తక్కువ." పరీక్షలో రాశాను. మార్కులు వచ్చాయి. వార్డెన్ సార్ మెచ్చుకున్నారు.

ఆ సంక్రాంతి సెలవులకు ఇంటికి పోతే మా అమ్మ గ్యాస్ సిలిండర్‌ని ఊపి చూస్తోంది. "దీన్ని గ్యాస్ అంటరు, లోపల నీళ్ళ లెక్క గలగల అంటది. ఏందిర బిడ్డా ఇది?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. బడి గడప తొక్కని అమ్మ అడిగిన ప్రశ్న నా పాఠంలోనిదే. కానీ పాఠం కాగితం దాటి మా వంటగదికి రాలేదు. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాణ్ణి నేనే. ఇప్పుడు ఎం.ఎస్సీ. చదువుతున్నాను. ఆ ప్రశ్నకు జవాబు ఇవాళ ఈ పత్రిక ద్వారా మీ అందరికీ చెప్పాలనుకుంటున్నాను.

సిలిండర్‌లో ఎక్కువ భాగం ద్రవమే ఉంటుంది. గ్యాస్‌ని ఒత్తిడితో నొక్కితే అణువులు దగ్గరై ద్రవంగా మారుతుంది. ఇంట్లో వాడే సిలిండర్‌లో 14.2 కిలోలు పడుతుంది. ద్రవంగా అది పాతిక లీటర్లకు కాస్త ఎక్కువ. బయటికొచ్చి వాయువైతే సుమారు 250 రెట్లు పెరిగి ఆరు వేల లీటర్లు దాటుతుంది. బరువు అంతే, చోటు మాత్రం వందల రెట్లు. సాంద్రత తగ్గడమంటే ఇదే. నీరు మరిగి ఆవిరైనా అంతే. ఒక లీటరు నీరు 100 డిగ్రీల వద్ద దాదాపు 1,670 లీటర్ల ఆవిరి అవుతుంది.

ఈ లెక్క ప్రాణాలకు సంబంధించినదని నాకు అమీర్‌పేటలో తెలిసింది. పీజీ ప్రవేశ పరీక్ష కోచింగ్ కోసం నలుగురం ఒక గదిలో ఉండేవాళ్ళం. మెస్ బిల్లు భరించలేక చిన్న సిలిండర్ పెట్టుకొని వండుకొనేవాళ్ళం. ఒక రాత్రి గ్యాస్ వాసన వచ్చింది. మిత్రుడొకడు గోడ పైనున్న వెంటిలేటర్ తెరిచి, ఫ్యాన్ వేద్దామని స్విచ్ దగ్గరకు పోయాడు. సాంద్రత మీద బిట్లన్నీ కరెక్టుగా పెట్టిన నేను నోరు తెరిచి నిలబడ్డాను. పక్క గదిలో ఉండే హోటల్ మాస్టర్ పరుగెత్తుకొచ్చి, "స్విచ్ ముట్టకుండ్రి! తలుపు తెరువుండ్రి, గ్యాసు కిందనే ఉంటది!" అని అరిచి రెగ్యులేటర్ కట్టేశాడు. ఆయన చదివింది ఐదో తరగతి.

ఆయన మాట అక్షరాలా నిజం. వంటగ్యాస్ సాంద్రత గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉంటుంది. అందుకే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. సెల్లార్‌లోకి దిగితే అక్కడే నిలిచిపోతుంది. గాలిలో నూటికి రెండు పాళ్ళు కలిసినా చిన్న నిప్పురవ్వ చాలు. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదిలో ఆ రెండు పాళ్ళకు కిలోంపావు గ్యాస్ చాలు. మా గదిలో ఉన్నది ఐదు కిలోల సిలిండర్.

ఇదే సూత్రం ప్రాణాలు నిలబెడుతుంది కూడా. పంజాగుట్ట నిమ్స్ లాంటి పెద్ద ఆసుపత్రులకు ఆక్సిజన్ ద్రవరూపంలో వస్తుంది. మైనస్ 183 డిగ్రీలకు చల్లబరిచిన ద్రవ ఆక్సిజన్ ఒక లీటరు, వాయువైతే సుమారు 860 లీటర్లవుతుంది. 2021 ఏప్రిల్‌లో కరోనా రెండో దశలో ఆక్సిజన్ కొరత వచ్చినప్పుడు అమీర్‌పేట పక్కనే ఉన్న బేగంపేట విమానాశ్రయం నుంచి ఖాళీ ట్యాంకర్లను వాయుసేన విమానాల్లో ఒడిశాకు పంపారు. నింపిన ట్యాంకర్లు మాత్రం రోడ్డు మీదే వచ్చాయి. అంత చల్లటి ద్రవం నిరంతరం ఆవిరవుతూ ఒత్తిడి పెంచుతుంది కనుక దాన్ని విమానంలో తేవడం ప్రమాదం.

ఇక నేను బట్టీపట్టిన వాక్యం కూడా పూర్తిగా నిజం కాదు. గడ్డకట్టిన కొబ్బరినూనెను కరిగిన నూనెలో వేస్తే మునుగుతుంది, సరే. కానీ మంచుగడ్డ నీటిలో తేలుతుంది. నీరు గడ్డకడితే సుమారు తొమ్మిది శాతం పెరుగుతుంది కాబట్టి సాంద్రత తగ్గుతుంది. పాదరసం ద్రవమే, అయినా ఇనుప మేకు దాని మీద తేలుతుంది. ఒక్క గ్లాసు నీళ్ళు, ఒక్క ఐసుముక్క ముందు పెట్టి ఉంటే ఆ వాక్యాన్ని మేమే ప్రశ్నించేవాళ్ళం.

నా అభిప్రాయం ఇది. ప్రతి హాస్టల్‌లో ఈ పాఠం ఏడాదికి ఒకసారైనా వంటగది దగ్గర చెప్పాలి. సార్లతో పాటు వంటవాళ్ళూ అందులో మాట్లాడాలి. సిలిండర్లు గది బయట, నేలమట్టానికి గాలి ఆడే చోట ఉండాలి. సెల్లార్‌లో ఉండకూడదు. వాసన వస్తే స్విచ్‌లు వేయడం, తీయడం రెండూ చేయకుండా, రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి బయటికి రావాలి. 1906కు ఫోన్ చేయాలి. ఈ మాటలు మెస్ గోడ మీద తెలుగులో రాయాలి.

గదుల్లో వంట నిషేధమని బోర్డు పెడితే చాలదనీ అంటాను. మనవాళ్ళు సరదాకు వండుకోవడం లేదు. అమీర్‌పేటకు కోచింగ్‌కు వచ్చే పేద విద్యార్థికి భరించగలిగే భోజనం దొరికితే ఆ సిలిండర్ గదిలోకే రాదు. నిలదొక్కుకున్న పూర్వ విద్యార్థులు ఈ విషయం ఆలోచించాలని నా విన్నపం.

తమ్ముళ్ళూ, బిట్లు చదవండి, మార్కులు మనకు అవసరమే. కానీ ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మ సిలిండర్ ఊపి చూస్తుంటే, పక్కన కూర్చొని ఆ చప్పుడేమిటో చెప్పండి. నేను కాస్త ఆలస్యంగా చెప్పాను. అంతా విని మా అమ్మ, "గంతేనా? మరి గప్పుడే చెప్పకపోతివి!" అంది.