గడ్డి ఇవ్వరు, ఇటుకల లెక్క తగ్గించరు

2024 మార్చిలో కేరళకు చెందిన 26 ఏళ్ల చార్టర్డ్ అకౌంటెంట్ ఒకామె పూణేలోని ఒక పెద్ద ఆడిటింగ్ సంస్థలో చేరింది. అది ఆమెకు మొదటి ఉద్యోగం. జూలై 20న చనిపోయింది. ఉద్యోగం చేసింది నాలుగు నెలలే. తరువాత ఆమె తల్లి ఆ సంస్థ పెద్దకు ఒక ఉత్తరం రాసింది. తన బిడ్డచేత రాత్రిళ్లు, సెలవు దినాల్లో కూడా పనిచేయించారని, చివరకు అంత్యక్రియలకు సంస్థ నుండి ఒక్కరూ రాలేదని అందులో వాపోయింది. పని ఒత్తిడే మరణానికి కారణమన్న మాటను సంస్థ ఒప్పుకోలేదు. కేంద్ర కార్మిక శాఖ విచారణ మొదలుపెట్టింది. ఆ ఉత్తరం దేశమంతా చదివింది. మన సంఘాల్లో చాలామంది తల్లులు చదివి, హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న పిల్లలకు ఆ రాత్రే ఫోన్ చేసి ఉంటారు.

అయినా మాట మారలేదు. 2023 అక్టోబరులో నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టి ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు 90 గంటలన్నారు. ఆదివారాలు కూడా మీచేత పనిచేయించలేకపోతున్నందుకు విచారిస్తున్నానని ఉద్యోగులతో అన్న వీడియో బయటికి వచ్చింది. మరోవైపు ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అంచనా ప్రకటించాయి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేయడం వల్ల 2016 ఒక్క సంవత్సరంలోనే గుండెజబ్బు, పక్షవాతంతో సుమారు 7,45,000 మంది మరణించారన్నది ఆ అంచనా.

మన రెండు రాష్ట్రాల సంగతి కూడా చూడాలి. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజువారీ పని గంటల పరిమితిని 9 నుండి 10కి పెంచాలని నిర్ణయించింది. జూలైలో తెలంగాణ ప్రభుత్వం దుకాణాలను మినహాయించి వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల వరకు అనుమతించింది. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ వేతనం ఇవ్వాలంది. నవంబరు 21న కేంద్రం నాలుగు కార్మిక స్మృతులను అమలులోకి తెచ్చింది. కాగితం మీద వారానికి 48 గంటలు అలాగే ఉంది. కానీ రాత్రి పదకొండింటికి మేనేజరు పంపే వాట్సాప్ సందేశం ఏ హాజరు పట్టీలో నమోదవుతుంది?

నిర్గమకాండము 5వ అధ్యాయం మనకు కొత్త కాదు. ఫరో గడ్డి ఇవ్వడం మానేశాడు, ఇటుకల లెక్క మాత్రం తగ్గించలేదు. అక్కడివరకు ప్రసంగాల్లో చాలాసార్లు విన్నాం. రెండు సంగతులు మాత్రం తక్కువగా వింటాం. ఒకటి, ప్రజలు అడిగింది దేవుని ఆరాధించడానికి సెలవు. ఫరో దానికి పెట్టిన పేరు సోమరితనం. ఈ రోజుల్లో ఆదివారం ఉదయం ఫోన్ ఎత్తని ఉద్యోగికి కూడా ‘పని మీద శ్రద్ధ లేదు’ అనే పేరే వస్తుంది. రెండవది, దెబ్బలు తిన్నది ఎవరు? 14వ వచనం చూడండి. ఇశ్రాయేలీయులలోనుండే నియమించబడిన పై అధికారులు. పైనుండి ఫరో మనుషులు అడుగుతారు, కింద ఉన్నది సొంత అన్నదమ్ములు, మధ్యలో వీరు.

మన సంఘాల్లో ఈ మధ్యవారు చాలామంది ఉన్నారు. టీమ్ లీడర్లు, షిఫ్ట్ ఇన్‌చార్జీలు, హెడ్ నర్సులు, బ్రాంచి మేనేజర్లు. టార్గెట్ తాము పెట్టింది కాదు, అయినా కింది ఉద్యోగి మీద కేకలు వేసేది తామే. సోమవారం నుండి శనివారం వరకు ఆ కుర్చీలో విశ్వాసి ఎలా కూర్చోవాలో ఎంతమంది కాపరులు బోధిస్తున్నారు? ఆ ఇశ్రాయేలు నాయకులు ఒక మంచి పని చేశారు. ఫరో దగ్గరికే వెళ్లి, గడ్డి ఇవ్వకుండా ఇటుకలు అడుగుతున్నారు, తప్పు నీ ప్రజలదే అని మొరపెట్టారు. ఫలితం దక్కలేదు. అయినా తమ కిందివారిదే తప్పని చెప్పి తప్పించుకోలేదు.

ఇక మన ఇంటి సంగతి. కార్పొరేట్ కంపెనీలను తిట్టడం సులువు. సంఘాలు, మిషనులు నడిపే పాఠశాలలు, ఆసుపత్రులు, హాస్టళ్లు మన రాష్ట్రాల్లో ఎన్నో ఉన్నాయి. వాటిలో చాలావరకు మంచి పేరున్నవే. అయితే ఒక మొత్తానికి సంతకం పెట్టించుకుని మరో మొత్తం చేతిలో పెట్టే అలవాటు మన సంస్థల్లో ఎక్కడా లేదని గుండె మీద చేయి వేసుకుని చెప్పగలమా? జీతం అడిగిన టీచరుకు ‘ఇది ఉద్యోగం కాదమ్మా, దేవుని సేవ’ అనే జవాబు వస్తుంది. అదే మాట కరెంటు బిల్లు వసూలు చేసేవారితో ఎవరూ అనరు. నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోగా ఇవ్వాలంటుంది వేతన స్మృతి. ద్వితీయోపదేశకాండము 24:15 అంత గడువు కూడా ఇవ్వదు. కూలివాని కూలి సూర్యుడు అస్తమించకముందే ఇవ్వాలంటుంది. మోషే ధర్మశాస్త్రం కంటే సులువైన చట్టాన్ని కూడా పాటించలేని సంస్థ గేటు మీద సిలువ గుర్తు పెట్టుకుంటే ఎవరికి సాక్ష్యం?

కొలస్సయులకు వ్రాసిన పత్రిక 3వ అధ్యాయం చివర్లో దాసులకు చెప్పిన మాటలు మనం తరచు వింటాం. మనుష్యులకని కాక ప్రభువుకని పనిచేయాలన్న మాట కొన్ని కార్యాలయాల గోడల మీద ఫ్రేము కట్టి కూడా ఉంటుంది. వెంటనే పౌలు యజమానుల వైపు తిరిగి, మీ దాసుల పట్ల న్యాయంగా నడుచుకోండి, పరలోకంలో మీకూ యజమానుడున్నాడు అంటాడు. కానీ ఆ వచనం 4వ అధ్యాయంలో పడింది. అధ్యాయాల విభజన పౌలు చేసింది కాదు, 13వ శతాబ్దంలో వచ్చింది. చదివేవారు 3వ అధ్యాయం ముగియగానే బైబిలు మూసేస్తారు. 4:1ని ఫ్రేము కట్టించిన కరస్పాండెంట్ గది మేము ఇంతవరకు చూడలేదు.

రూతు గ్రంథంలో బోయజు పొలం ఉంది. యజమానుడు రాగానే పనివారికి దేవుని పేరట శుభం పలుకుతాడు, వారు తిరిగి పలుకుతారు. రూతు పరదేశి, విధవరాలు, పరిగె ఏరుకునే స్త్రీ. ఆమెను ముట్టవద్దని పనివారికి ముందుగానే ఆజ్ఞాపించాడు. దాహమైతే పనివారి కుండల నీళ్లు తాగమన్నాడు. భోజనవేళ తమతో కూర్చోమన్నాడు. ఆమె ఫిర్యాదు చేసేవరకు ఆగలేదు. మన దేశంలో 2013 నాటి చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతిచోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. దానికి స్త్రీయే అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి, బయటి వ్యక్తి ఒకరుండాలి. ట్రస్టులు, సొసైటీలు నడిపే పాఠశాలలకు, ఆసుపత్రులకు కూడా ఇది వర్తిస్తుంది. ‘మనమంతా ఒక కుటుంబం, కమిటీ ఎందుకు’ అనే పెద్దలున్నారు. కుటుంబమని నమ్మి నోరు మూసుకున్న ఆడపిల్లల సంగతి ఆ పెద్దలకు తెలియదు, లేక తెలిసీ తెలియనట్లుంటారు.

మీ పాస్టరేట్ కమిటీ సమావేశంలో ఈ మాసం కొన్ని ప్రశ్నలు అడగండి. చర్చి వాచ్‌మన్‌కు వారంలో ఒక దినం సెలవుందా? ఆదివారం మూడు ఆరాధనలకు కుర్చీలు వేసి తీసే మనిషి తాను ఎప్పుడు ఆరాధిస్తాడు? మీ పాఠశాలలో కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు నోటీసు బోర్డు మీద ఉన్నాయా? కాపరి గారు కిందటిసారి కుటుంబంతో సెలవు మీద ఊరికి వెళ్లింది ఎప్పుడు?

ఈ ప్రశ్నలు మమ్మల్నీ వదలవు. ఈ సంచిక పేజీలు కూర్చినవారు ఇంటికి వెళ్లేసరికి రాత్రి పదిన్నర అయింది. వారికి అదనపు గంటల వేతనమిచ్చే పద్ధతి మా కార్యాలయంలో ఇప్పటివరకు లేదు. వచ్చే పత్రికా కమిటీ సమావేశపు అజెండాలో ఆ విషయాన్ని మొదటి అంశంగా పెట్టాం.