లోన పటారం, పైన లొటారం

"పైన పటారం, లోన లొటారం" అన్నారు పెద్దలు. ఆ సామెతను తిరగవేస్తే మన అంగళ్ళలో మీటరు లెక్కన అమ్మే పెట్రోలు గొట్టం అవుతుంది. ఈ మాట కోపంతోనే వ్రాస్తున్నాను. కారణం చిత్తగించండి.

మొయినాబాదులో ఒక షెడ్డున నా పాత కారుకు పెట్రోలు పంపు మార్పించాను. ఆ పంపు ట్యాంకులోనే, పెట్రోలులో మునిగి ఉంటుంది. దానినుండి పైమూత వరకు జానెడు గొట్టం. పాతది పెళుసెక్కిందని మెకానిక్కు ఒక నల్ల రబ్బరు గొట్టం కోసి బిగించాడు. ఆరు నెలలు తిరగలేదు. చేవెళ్ళ దారిలో, మర్రిచెట్ల క్రింద, బండి ఆగిపోయింది. విప్పి చూస్తే గొట్టం నానిన శనగగింజలా ఉబ్బి, బిగింపు దగ్గర చీలి ఉంది. పైపొర పెళ్ళలుగా రాలి పంపు జల్లెడకు పట్టింది. తోడిన పెట్రోలు చీలికగుండా మళ్ళీ ట్యాంకులోకే పోతూంటే ఇంజనుకు ఒత్తిడి ఎక్కడిది?

అడిగితే వచ్చిన జవాబు ఇది: "పెట్రోలు పైపే కద సార్! లోపట పెట్రోలు పోతే ఏం గాలే, బయట తాకితే ఏమైతది?"

వినడానికి తర్కమే. కాని గొట్టానికి పొరలుంటాయి. లోపలిపొర పెట్రోలును ఓర్చుకోవడానికి. పైపొర ఎండను, వేడిని, రాపిడిని ఓర్చుకోవడానికి. రాత్రింబవళ్ళు పెట్రోలులో నానమని పైపొరను ఎవరూ తయారు చేయలేదు. అమెరికా ఇంజనీర్ల సంస్థ ఎస్.ఏ.ఈ. తన జె30 ప్రమాణంలో ఈ తేడాను స్పష్టంగా విడదీసింది. ఆర్7 మామూలు గొట్టం. ఆర్9 ఇంజెక్షన్ బండ్ల అధిక ఒత్తిడికి; అదీ ట్యాంకు వెలుపలనే. మునిగి ఉండవలసిన చోటికి ఆర్10 ఒక్కటే. ఆర్9 ఖరీదైనది కనుక ఎక్కడైనా పనికివస్తుందనుకోవడం మరొక భ్రమ.

ఇది చాదస్తమని కొట్టివేయకండి. 2023లో ఇరవై శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు మన బంకులలోకి వచ్చింది. 2025 నాటికి దేశమంతటా సగటు ఆ స్థాయికి చేరింది. కొన్ని రబ్బర్లను ఇథనాలు మరింత ఉబ్బిస్తుంది. నిన్న ఏడాది ఓర్చిన నాసి గొట్టం రేపు ఎన్నాళ్ళు ఓర్చేను?

"బీదవాని బండికి అంత ధర గొట్టమా?" అంటారు. అయ్యా, కావలసింది జానెడు! ఆ జానెడులో మిగుల్చుకున్నది, ట్యాంకు రెండవసారి దింపే కూలికి చాలదు. తెల్లవారుజామున కూరగాయలతో నగరానికి బయలుదేరిన పెట్రోలు ట్రాలీ నడిదారిలో ఆగితే, వాడిపోయే సరుకు ఎవరిది? బీదవానిదే.

మెకానిక్కును ఒక్కణ్ణే నిందించను. అతనికి అంగడివాడు చెప్పలేదు. అంగడివాణ్ణి మనం అడగలేదు. టమాటాను నొక్కి చూసి కొనే మనం, గొట్టంమీది అక్షరాలు చదవలేమా? ఆర్10 అన్న ముద్ర లేనిదాన్ని ట్యాంకులోకి దిగనివ్వకండి. ముద్రే లేకపోతే, బండి తయారీదారు ఇచ్చే అసలు భాగమే అడగండి. అదీ దొరకదంటే, ఆ అంగడి మెట్లు దిగిరండి.