చెడని యంత్రమునకు గడువు

మందుసీసాకు గడువుండుట న్యాయమే. గడువు దాటిన మందు గుణము తప్పునని వైద్యులు చెప్పుదురు. కాని చెడక, అరుగక, నిన్నటి పనిని నేడును చేయుచున్న యంత్రమునకు గడువు విధించుట మన కాలపు వింత. 2025 అక్టోబరు 14వ తేదీన మైక్రోసాఫ్టు కంపెనీ తన విండోస్ 10 ఆపరేటింగ్ సిస్టమునకు సామాన్యముగా ఇచ్చుచు వచ్చిన రక్షణ సవరణలను ముగించినది. ఆ దినమున ఏ కంప్యూటరును ఆగిపోలేదు. తెరలు వెలుగుచునే యుండెను. మీటలు పలుకుచునే యుండెను. అయినను నాటి నుండి కొత్తగా బయటపడు లోపమునకు షరతు లేని చికిత్స లేదు. అట్టి యంత్రముతో బ్యాంకు లావాదేవీలు నడపుటయు, కక్షిదారుల కాగితములు భద్రపరచుటయు వివేకము కాదు. కావున గృహస్థునకును, గుమాస్తాకును, చిన్న దుకాణదారునకును మిగిలినవి కొత్త సిస్టమునకు మారుట, లేదా భయముతో పాతదానినే వాడుట.

మారుట సులభమైనచో ఇంత చర్చ అవసరము లేదు. 2021 అక్టోబరు 5వ తేదీన వెలువడిన విండోస్ 11 ద్వారమున కావలివారు పెక్కుమంది. 4 గిగాబైట్ల మెమొరీయు, 64 గిగాబైట్ల నిల్వ స్థలమును ఉండుట కష్టము కాదు. చిక్కంతయు తక్కిన నిబంధనలలో నున్నది. టీపీఎం 2.0 అను రక్షణ చిప్పు ఉండవలెను. ఇంటెల్ ప్రాసెసరైనచో, కొలది మినహాయింపులు తప్ప, ఎనిమిదవ తరమునకో, అటుపిమ్మటి తరమునకో చెందినదై యుండవలెను. ఎనిమిదవ తరము అంగడికి వచ్చినది 2017 ద్వితీయార్ధమున. అనగా 2017 తొలి నెలలలో సరికొత్తదని చెప్పి అమ్మిన ల్యాప్‌టాపు నాలుగేండ్లకే అనర్హమైనది. దాని మెమొరీ చాలినది, వేగము చాలినది, పుట్టిన సంవత్సరము మాత్రము చాలలేదు. విండోస్ 10 వెలువడిన 2015లో ఆ కంపెనీ ఉద్యోగి యొకరు ఇదియే కడపటి విండోస్ అని సభాముఖమున చెప్పి యుండిరి. ఆ మాట వ్రాతపూర్వకమైన వాగ్దానము కాదు గనుక న్యాయస్థానమున నిలువదు. నమ్మి కొన్నవాని మనస్సున మాత్రము నిలిచినది.

అవతలి పక్షము వాదము వినక తీర్పు చెప్పుట ధర్మము కాదు. రహస్యపు తాళములను ప్రత్యేకమైన చిప్పులో నుంచిన దొంగిలించుట కష్టమగునని కంపెనీ చెప్పు మాట నిజమే. పాత సిస్టములను కలకాలము సవరించుచుండుటకు వ్యయమగు ననుటయు నిజమే. సవరణలను నిర్లక్ష్యము చేసినచో ఏమగునో 2017 మే నెలలో లోకము చూచినది. వాన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము దేశదేశముల కంప్యూటర్లలోని దస్త్రములకు తాళము వేసి సొమ్ము అడిగినది. బ్రిటను దేశపు ఆసుపత్రులలో చికిత్సలు వాయిదా పడినవి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని వాత బడినవి. ఆ లోపమునకు సవరణ అదే సంవత్సరము మార్చి నెలలోనే వెలువడి యుండెను, వేసికొననివారు నష్టపడిరి. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8వ తేదీతో మద్దతు ముగిసినను, మన ఏటీఎంలు పెక్కు దానితోనే నడచుచుండగా, గడువులు పెట్టి మార్పించుటకు 2018 జూనులో రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆజ్ఞాపింపవలసి వచ్చినది. కావున పాతది పాతదే మేలను మొండితనమును మేము సమర్థింపము.

మా ఆక్షేపణ సవరణ మీద కాదు. సవరణ అవసరమును సాకుగా జేసి మంచి యంత్రమును మూల పడవేయించుట మీద. తాళములో లోపము తాళము చేసినవానిది. లోపము బయటపడినప్పుడు దానిని సరిదిద్దవలసిన బాధ్యతయు వానిదే. తాళము బాగుచేయను, ఇల్లు పడగొట్టి మరియొకటి కట్టుకొనుమని అతడు చెప్పినచో ఊరివారు ఊరకుందురా? ఎలుకలున్నవని ఇంటికి నిప్పు పెట్టుకొనువాడు లేడు. పెట్టుకొనుమని సలహా చెప్పువాడు ఇండ్లు అమ్ము వర్తకుడే అయినచో ఆ సలహాను రెండుమారులు పరీక్షింపవలెను.

సవరణలు ఇచ్చుట అసాధ్యము కాదని కంపెనీయే ఋజువు చేసినది. గృహస్థులకు మరియొక సంవత్సరము, అనగా 2026 అక్టోబరు 13 వరకు, రక్షణ సవరణలు ఇత్తుమని ప్రకటించినది. అందులకు 30 డాలర్లు చెల్లించుట, లేదా తమ అమరికలను కంపెనీ ఖాతాలో భద్రపరచుట, లేదా కంపెనీ యిచ్చు బహుమాన పాయింట్లు 1000 సమర్పించుట షరతుగా పెట్టినది. సంస్థలకైనచో యంత్రమొక్కింటికి మొదటి సంవత్సరము 61 డాలర్లు, పిమ్మట ఏటేట రెట్టింపు, మూడేండ్ల వరకు. ఐరోపాలోని వినియోగదారుల సంఘము ఒత్తిడి తెచ్చిన పిమ్మట, 2025 సెప్టెంబరులో ఐరోపా ఆర్థిక ప్రాంతపు గృహస్థులకు మాత్రము ఈ యేడాది సవరణలను రుసుము లేకయే ఇచ్చుటకు కంపెనీ సమ్మతించినది. ఖాతాతో ప్రవేశించుట మాత్రము వారికిని తప్పలేదు. అదే యంత్రము, అదే లోపము, అదే సవరణ. షరతులు మాత్రము సరిహద్దును బట్టి మారినవి. కూడి అడిగినవారికి దక్కినది. అడుగనివారికి ధర చెప్పబడినది. దీనికంటె స్పష్టమైన పాఠము మనకు వేరొకటి అక్కరలేదు.

ఇక అర్హత గల యంత్రమున్నవారి సంగతి. వారి కష్టము వేరు రకము. విండోస్ 11 గృహ రూపాంతరమును తొలిసారి అమర్చుకొనునప్పుడు ఇంటర్నెట్టును, కంపెనీ ఖాతాయును కావలెనని నియమము. తన బల్లమీది పెట్టెను తెరచుటకు దూరదేశపు ద్వారపాలకునికి పేరు చెప్పుకొనవలెనన్నమాట. 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు ఏండ్లుగా చేయి మరిగిన స్టార్టు మీటను తీసివేసిరి. జనము గోలపెట్టగా మరుసటి యేడు 8.1లో తిరిగి పెట్టిరి. 2021లో విండోస్ 11 వెలువడినప్పుడు టాస్కుబారును తెర ప్రక్కకు జరుపుకొను పాత సౌకర్యమును తొలగించిరి. ఇవి చిన్న విషయములని యువకులు నవ్వవచ్చును. ఏబదియేండ్ల వయసున కంప్యూటరు నేర్చి, చేతి అలవాటు మీద పని నెగ్గించుకొను గుమాస్తాకు ఇవి చిన్నవి కావు. అతని వేగమే అతని జీతము.

అలవాటును మించిన అడ్డు మరియొకటి గలదు. విండోస్ 11కు 32 బిట్ల రూపాంతరమే లేదు. కావున 32 బిట్ల కొఱకు మాత్రమే డ్రైవరు గల పాత ప్రింటర్లును, స్కానర్లును దానితో పలుకవు. డాస్ నాటి లెక్కల ప్రోగ్రాములు 32 బిట్ల విండోస్‌లో నడచునుగాని 64 బిట్ల విండోస్‌లో నేరుగా నడువవు. వ్యాపారి యొకడు ఇరువది యేండ్ల ఖాతాలను అట్టి ప్రోగ్రాములో నుంచినచో, అతడు మార్చవలసినది సిస్టమును మాత్రమే కాదు. ప్రింటరును, ప్రోగ్రామును, కొన్ని యెడల గుమాస్తానుకూడ.

తెలుగువారికి ఈ విషయమున ప్రత్యేకమైన చిక్కు గలదు. మన ముద్రణాలయములలోను, డీటీపీ కేంద్రములలోను పేజ్‌మేకరు ప్రోగ్రాముతో, అను ఫాంట్లు మొదలగు పాత పద్ధతి ఫాంట్లతో కూర్చిన పని అపారము. పేజ్‌మేకరు ఏడవ రూపాంతరము 2001లో వెలువడినది, ఎనిమిదవది రానేలేదు. ఆ ఫాంట్లు తెలుగు అక్షరముల ఆకృతులను ఆంగ్లాక్షరముల సంఖ్యాస్థానములలో కూర్చి పెట్టుకొన్నవి. ఆ ఫాంటు ఉన్నచోట అది తెలుగు. లేనిచోట అర్థము లేని ఆంగ్లాక్షరముల గుంపు. అందుచేతనే ఎందరో ముద్రాపకులు ఇంటర్నెట్టు తగిలింపక పాత కంప్యూటరు నొకదానిని మూలన కాపాడుకొనుచుందురు. అది చెడినచో పుస్తకముల మూలప్రతులే చదువరాక పోవును. యూనికోడు 1991లో వెలువడినప్పుడే అందు తెలుగునకు 128 స్థానముల విభాగము ఏర్పడినది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీలోనే గౌతమి అను తెలుగు ఫాంటు ఉండెను. యూనికోడులో వ్రాసిన వాక్యము ఏ సిస్టములోనైనను తెలుగుగనే యుండును. అయినను మన కూర్పుపని చాలవరకు పాత బాటనే విడువలేదు. ఒక వర్తకుని నిర్ణయముతో మన వ్రాత మనకే అన్యభాష యగు స్థితిని మనము తొలగించుకొనవలెను.

అసలు సంగతి ఆస్తికి సంబంధించినది. కంప్యూటరు పెట్టె కొన్నవానిది. దాని నడిపించు సిస్టము మాత్రము అతనిది కాదు. అమరిక సమయమున చదువక నొక్కిన సమ్మతి మీట వెనుక నున్న దస్తావేజు విక్రయ పత్రము కాదు, అనుమతి పత్రము. పొలము నీది, నీరు నాది అనునట్టి యేర్పాటు ఇది. నీరు ఆపు తేదీని ముందుగ కొనువానికి చెప్పవలెను గదా! ఆ తేదీ కంపెనీ పత్రములలో ఉండవచ్చును. దుకాణమున ధర చీటిమీద మాత్రము ఉండదు.

వేరు దారి లేదా యని కొందరు అడుగుదురు. కలదు. 1991లో పుట్టిన లినక్సు ఆధారముగ నడచు స్వేచ్ఛా సిస్టములు అనేకము. విండోస్ 11 నిరాకరించిన యంత్రముల మీద అవి పెక్కింట చక్కగా నడచును, రుసుము లేదు. కేరళ పాఠశాలలు ఏండ్ల తరబడి వాటితోనే పిల్లలకు కంప్యూటరు విద్య నేర్పుచున్నవి. ఈ-కోర్టుల ప్రణాళికలో మన న్యాయాధికారుల కంప్యూటర్లకు ఉబుంటును అమర్చిరి. కేంద్రప్రభుత్వ సంస్థయగు సీ-డాక్ బాస్ అను సిస్టమును తయారు చేసినది. అయితే ఇదియు తేలికయైన మార్గమని చెప్పి పాఠకులను మోసగింపరాదు. జర్మనీలోని మ్యూనిక్ నగరసభ ఎంతో శ్రమపడి తన కార్యాలయములను లినక్సునకు మార్చి 2013లో ఆ పని ముగించినది. 2017లో తిరిగి విండోస్‌కు మరలుటకు తీర్మానించినది. డిజిటల్ సంతకపు టోకెనుల డ్రైవర్లు, ఆఫీసు దస్త్రముల పొందిక, నేర్పువారి కొఱత మొదలగునవి నిజమైన అడ్డంకులు. పేజ్‌మేకరు మీద బ్రతుకు ముద్రాపకుడు రాత్రికి రాత్రి లినక్సునకు మారలేడు. కాని ఉత్తరములు వ్రాసి, వార్తలు చదివి, లెక్కలు వేసికొను గృహస్థునకును, పఠన మందిరమునకును ఈ అడ్డంకులు స్వల్పము.

కావున చేయవలసినవి మూడు. మొదటిది ప్రభుత్వము చేయవలసినది. కంప్యూటరు అమ్మునప్పుడు రక్షణ సవరణలు ఏ తేదీ వరకు లభించునో పెట్టెమీద ముద్రింపవలెనని శాసనము కావలెను. ఐరోపా సమాజము 2025 జూను 20 నుండి అమలుపరచిన నియమముల ప్రకారము స్మార్టుఫోనులకు, అమ్మకము నిలిచిన పిమ్మట అయిదేండ్ల వరకు సిస్టము సవరణలు ఇచ్చుచుండవలెను. మన కేంద్రప్రభుత్వము 2022 జులైలో మరమ్మతు హక్కును గూర్చి సంఘము నియమించి, వ్యవసాయ పరికరములు, మొబైలు ఫోనులు, ఇంటి సామగ్రి, మోటారు వాహనములను ముందుగ పేర్కొన్నది. మరమ్మతనగా స్క్రూలు బిగించుట మాత్రమే కాదు. సిస్టము సవరణయు మరమ్మతే. ఆ హక్కు కంప్యూటరునకును వర్తింపవలెను.

రెండవది సంస్థలు చేయవలసినది. మండల కార్యాలయములు, గ్రంథాలయములు, సంఘములు తమ తెలుగు వ్రాతలను యూనికోడులో నుంచవలెను. పాత ఫాంట్లలోని మూలప్రతులను, ఆ పాత యంత్రములు ఇంకను పలుకుచుండగనే, మార్చి దాచవలెను. యంత్రము మూగవోయిన పిమ్మట చేయు ప్రయత్నమునకు పదింతల వ్యయము చాలదు.

మూడవది మనవంటివారు చేయవలసినది. ఒకరొకరుగ గొణుగుకొనుట చాలించి, వినియోగదారుల సంఘముల ద్వారా కూడి అడుగవలెను. ఐరోపావారికి రుసుము తగ్గినది వారి సంపన్నతచేత కాదు, అడుగుటచేత. కంప్యూటరు తెలిసిన యువకులు తమ ఊరి పఠన మందిరమునకు నెలకొక ఆదివారము నిచ్చి, మూలబడిన యంత్రములకు స్వేచ్ఛా సిస్టము అమర్చి, పెద్దలకు ఓపికతో నేర్పినచో, పారవేయదలచిన పెట్టెలు పెక్కు మరల పనికివచ్చును.

కొత్తదానిని ఎవరును కాదనరు. అరిగిన బండిని మార్చుకొనుట రైతునకు తెలియును. ఎప్పుడు మార్చవలెనో నిర్ణయించు అధికారము మాత్రము బండి తోలువానిదై యుండవలెను. బండ్లు అమ్మువానిది కారాదు.