తండ్రి సిగ్గును కప్పిన కుమారులు

జలప్రళయం నుండి కుటుంబాన్ని కాపాడిన నోవహు ఒకనాడు మత్తులో వస్త్రహీనుడై గుడారంలో పడి ఉన్నాడు. హాము చూశాడు, బయటికి వెళ్లి చెప్పాడు. షేము, యాపెతులు మాత్రం ఒక వస్త్రాన్ని తమ ఇద్దరి భుజాల మీద వేసుకొని, వెనుకకు నడిచి, తండ్రి వైపు చూడకుండా ఆయనను కప్పారు (ఆది. 9:20-23). నోవహుది మత్తు. మన ఇళ్లలోని పెద్దలది జబ్బు. మరి వారినెంత గౌరవంగా కప్పాలి?

గౌలిపుర వంటి పాతబస్తీ గల్లీల్లో ఇళ్లు ఇరుకు. మరుగుదొడ్డి మెట్ల కిందో, వాకిలి అవతలో ఉంటుంది. పక్షవాతం వచ్చిన నాయన అక్కడికి చేరేలోపే బట్టలు తడుస్తాయి. 'ముసలితనం కదా' అని మనం ఊరుకుంటాం. ఆయన సిగ్గుతో నీళ్లు తాగడం తగ్గిస్తాడు, ఆదివారం ఆరాధనకు రావడం మానేస్తాడు.

ఇది ముసలితనంలో తప్పనిసరిగా వచ్చేది కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, షుగరు, మగవారిలో ప్రోస్టేట్ వాపు, కొన్ని మందులు కూడా కారణం కావచ్చు. చాలావాటికి వైద్యం ఉంది. నీళ్లు మరీ తగ్గిస్తే ఇబ్బంది పెరుగుతుంది. రెండు మూడు గంటలకోసారి మనమే అడిగి తీసుకెళ్లాలి. రాత్రివేళ మంచం పక్కనే కమోడ్ కుర్చీ ఉంచాలి. తడిసిన వెంటనే కడిగి, మెత్తగా తుడిచి, పల్చగా వాజెలిన్ రాయాలి. కదలలేనివారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పుండ్లు పడతాయి. జ్వరం గానీ మూత్రంలో రక్తం గానీ కనబడితే ఆలస్యం చేయకూడదు.

షేము, యాపెతులు ఈ పనికి తమ భార్యలను పంపలేదు. బరువు ఇద్దరి భుజాల మీదా ఉంది. మన ఇళ్లలో అది కోడలి ఒక్కదాని మీదే పడుతోంది. ఆమె విసుక్కుంటే తప్పుపడతాం. రాత్రి ఎన్నిసార్లు లేచిందో అడగం. కానుక దేవునికి అర్పితమని చెప్పి తలిదండ్రులను విడిచినవారిని ప్రభువు గద్దించాడు (మార్కు 7:9-13). కూటాలకు తీరిక ఉండి, తల్లి పక్కబట్టలు మార్చడానికి లేకపోతే ఆ గద్దింపు మనకే.

సంఘంగా మనం చేయగలిగింది ఉంది. వారంలో ఒక మధ్యాహ్నం ఆ మంచం దగ్గర మనలో ఒకరు కూర్చుంటే ఆ కోడలు నిద్రపోతుంది. మందిరంలో తలుపు దగ్గరి కుర్చీని, మెట్లు లేని మరుగుదొడ్డిని పెద్దల కోసం ఏర్పాటు చేద్దాం. సలహా కావలసినవారికి వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది. తలిదండ్రుల పోషణ బాధ్యతను 2007 నాటి చట్టం కూడా పిల్లలపై పెట్టింది. కానీ చట్టం పోషణ ఇప్పించగలదు, ప్రేమను ఇప్పించలేదు.

ప్రభువు తువాలు కట్టుకొని శిష్యుల పాదాలు కడిగాడు. మన ఇంటి పెద్దల దగ్గర ఆ తువాలు ఈ వారం ఎవరు అందుకుంటారు? కుమారులారా, ముందు మీరే అందుకోండి.