27 గడుల ఏడాది: ఈ ఆట పిల్లలకు కాదు, మీకు



కొత్త విద్యా సంవత్సరం మొదలైంది. పుస్తకాలకు అట్టలు, యూనిఫాం కొలతలు, బస్సు రూటు, ఫీజు వాయిదాలు... ఈ హడావుడిలో మీ ఫ్రిజ్ తలుపు మీద ఇప్పటికే రెండు కాగితాలు చేరి ఉంటాయి. ఒకటి టైంటేబుల్, రెండోది పరీక్షల షెడ్యూల్. మూడో కాగితం ఒకటి అంటించమని అడగడానికే ఈ నాలుగు మాటలు. ఆ కాగితం పిల్లల కోసం కాదు, మీ కోసం.

ముందుగా ఒక చిన్న లెక్క. మీ పాప ఇప్పుడు ఐదో తరగతి అనుకుందాం. పదో తరగతి పూర్తయ్యేలోపు మీ ఇంట్లో తను చూసే వానాకాలాలు, ఈ ఏడాదితో కలిపి, ఆరు. ఇంటర్‌కు హాస్టల్లో చేర్పిస్తే ఆ తర్వాత మిగిలేవి ఔటింగ్ ఆదివారాలే. తొమ్మిది, పది తరగతుల్లో సీతాఫలాలు ఎప్పుడొచ్చాయో, ఎప్పుడు అయిపోయాయో గమనించే తీరిక ఇంట్లో ఎవరికీ ఉండదు. వాటిని తీసేస్తే మిగిలినవి నాలుగు. నాలుగు వానాకాలాలు, నాలుగు సంక్రాంతులు. మీ పాప ఏ తరగతిలో ఉందో బట్టి లెక్క మీరే వేసుకోండి.

ఈ పరిస్థితికి బడుల బాధ్యత కూడా ఉందని ఒప్పుకోవాలి. మా పిల్లలకు ఏడాదంటే యూనిట్ టెస్టులు, క్వార్టర్లీ, హాఫ్ ఇయర్లీ, ప్రీ ఫైనల్. ఆరు ఋతువుల పేర్లు రాయమంటే తెలుగు పేపర్లో పూర్తి మార్కులు తెచ్చుకుంటారు. ఇప్పుడు కిటికీ బయట నడుస్తున్నది ఏ ఋతువు అంటే తడుముకుంటారు. వాళ్లను ఏమీ అనలేం. పెద్దవాళ్లమైన మనకైనా వెంటనే చెప్పగలిగేంత ధ్యాస ఉందా?

ఆట ఇదీ

మన రైతులకు ఆరు ఋతువులే కాదు, 27 కార్తెలు కూడా తెలుసు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే కాలం ఒక కార్తె. ఒక్కోటి 13, 14 రోజులు. విత్తనం ఎప్పుడు వేయాలి, నారు ఎప్పుడు పోయాలి అన్నది పెద్దలు కార్తెలతోనే చెప్పుకునేవారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట మీరూ విన్నదే. ఇంట్లో గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్లో ఇప్పటికీ ప్రతి కార్తె తేదీ ఉంటుంది.

ఒక తెల్ల కాగితం మీద 27 గడులు గీయండి. ఒక్కో గడిలో ఒక కార్తె పేరు, అది మొదలయ్యే తేదీ రాయండి. ఆ 13 రోజుల్లో మాత్రమే కుదిరే పని, లేదా అప్పుడే బాగుండే పని ఒకటి ఆ గడిలో రాసుకోండి. చేశాక టిక్ పెట్టండి. అంతే ఆట.

ఆరు ఋతువులకు ఆరు గడులు చాలవా అని అడగవచ్చు. చాలవు. ఋతువు రెండు నెలలు ఉంటుంది. ఇంకా టైముందిలే అనుకుంటూనే దాటిపోతుంది. కార్తె అంటే మహా అయితే రెండు ఆదివారాలు. ఈ ఆదివారం కాకపోతే వచ్చే ఆదివారం, అది కూడా తప్పితే మళ్లీ ఏడాది తర్వాతే. ఆటలో పట్టు అంతా అందులోనే ఉంది.

గడుల్లో ఏం రాయాలి?

మచ్చుకు కొన్ని. మీ ఊరును బట్టి, మీ ఇంటి అలవాటును బట్టి మార్చుకోండి.

మృగశిర (జూన్ 8 ప్రాంతం): తెలంగాణలో మిరుగు రోజున చేపల కూర, ఇంగువ కలిపిన బెల్లం ఉండ. ఎందుకు తింటారో అమ్మమ్మకు ఫోన్ చేసి అడగడం కూడా ఆ గడిలో భాగమే.

ఆరుద్ర (జూన్ 22 ప్రాంతం): తొలకరి తడికి మట్టిలోంచి బయటికొచ్చే ఎర్రటి ముఖమల్ ఆరుద్ర పురుగులను వెతకడం. సిమెంటు వేసిన చోట దొరకవు. ఊరి చివర ఖాళీ నేల దాకా నడవాలి.

పుష్యమి, ఆశ్లేష (జులై, ఆగస్టు): బండి దగ్గర నిలబడి బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు తినడం. రైతు బజారులో ఆగాకర కాయలు, తెలంగాణవారి బోడ కాకర, కొని వండడం.

వినాయక చవితి వచ్చే కార్తె: 21 రకాల పత్రిలో మీకు మీరుగా ఎన్ని గుర్తు పట్టగలరో చూసుకోవడం. మాచి, ఉత్తరేణి, వావిలి, విష్ణుక్రాంతం... కవర్లో కట్టి అమ్మే పత్రితో పూజ పూర్తవుతుంది కానీ ఈ గడి నిండదు.

బతుకమ్మ రోజులు: తంగేడు, గునుగు మొక్క మీద ఉండగా చూడటం, వీలైతే కోసుకురావడం.

స్వాతి, విశాఖ (అక్టోబరు చివర, నవంబరు): సీతాఫలాల గంప. కార్తీకమాసంలో ఉసిరి చెట్టు కింద భోజనం. పెద్ద బృందం అక్కర్లేదు. ఒక టిఫిన్ క్యారియర్, ఒక చెట్టు చాలు.

జ్యేష్ఠ (డిసెంబరు మొదటి సగం): డిసెంబరు 13, 14 తేదీల రాత్రి జెమినిడ్ ఉల్కలు. టెలిస్కోపు అవసరం లేదు. దీపాలు తక్కువగా ఉన్న డాబా మీద చాప పరుచుకుని, దుప్పటి కప్పుకుని పైకి చూడటమే.

పూర్వాషాఢ (డిసెంబరు చివర నుంచి): తెల్లవారుజామున వీధి ముగ్గులు చూస్తూ ఒక నడక. లేదా పక్షుల దగ్గరికి ఒక ప్రయాణం: కొల్లేరు ఆటపాక, నేలపట్టు, శ్రీకాకుళం వైపు వాళ్లకు తేలినీలాపురం.

శతభిషం, పూర్వాభాద్ర (ఫిబ్రవరి చివర, మార్చి): ఆకులన్నీ రాలి పూలతో మండుతున్నట్టుండే మోదుగ చెట్టు. హోలీ రంగు ఆ పూలతోనే చేయవచ్చు.

భరణి (మే మొదటి వారాలు): నీడ లేని మధ్యాహ్నం. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో, 12 గంటలు దాటిన కొద్ది నిమిషాలకు సూర్యుడు నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన నీళ్ల సీసా నీడ దాని కిందే దాక్కుంటుంది. అదే వారంలో తాటి ముంజలు. కాస్త ఆగితే కొత్తావకాయ.

అన్ని పండుగలూ కార్తెకు కట్టుబడవు. రంజాన్ ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి దాని గడి ప్రతి ఏడాదీ మారుతూ ఉంటుంది. క్రిస్మస్ స్టార్ మాత్రం మూల కార్తె గడిని వదలదు. ఎవరి ఇంటి కాగితం వాళ్లదే.

మూడే నియమాలు

ఒకటి, గడి ఖర్చుతో నిండకూడదు. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు కానీ, ఫీజులు కట్టే నెలలో ఆ సామెత మనకొద్దు. ఎక్కువ గడులు వంద రూపాయల లోపు, ఇంటికి అరగంట దూరంలో అయిపోవాలి.

రెండు, ఫొటో తప్పనిసరి కాదు. స్టేటస్‌లో పెట్టకపోయినా టిక్ టిక్కే.

మూడు, ఖాళీ గడి ఖాళీగానే ఉండాలి. జ్వరం వచ్చింది, ఆఫీసులో ఆడిట్ పడింది, ఆదివారం ఊరు వెళ్లాల్సి వచ్చింది. పోనీ. దాని బదులు మరో కార్తెలో రెండు చేయడం, వెనక తేదీతో టిక్ పెట్టడం వద్దు. ఏడాది చివర 27లో 11 నిండినా అది మీ ఏడాదే. ఖాళీగా ఉన్న సీతాఫలం గడి వచ్చే అక్టోబరులో మిమ్మల్ని తప్పకుండా పలకరిస్తుంది.

పిల్లల పేరు మీద ఎందుకు వద్దు?

పిల్లల చేతికిస్తే ఈ ఆట వారంలో ప్రాజెక్టు వర్క్ అయిపోతుంది. చార్టు కొనాలి, రంగులు వేయాలి, ఎన్ని టిక్కులో లెక్క చెప్పాలి. పక్కింటి పిల్లకు 20 వచ్చాయి, నీకు 14 ఏమిటన్న మాట కూడా వస్తుంది. ఆ పోలిక మొదలైన రోజే మోదుగ పువ్వు మరో సబ్జెక్టు అవుతుంది.

ఆడేది మీరైతే సంగతి వేరు. ఆరుద్ర పురుగు కోసం నాన్న వంగి నేల వెతుకుతుంటే పక్కన ఎవరు వచ్చి కూర్చుంటారో చెప్పాల్సిన పనిలేదు. రాకపోయినా నష్టం లేదు. అమ్మకు కూడా తనకంటూ ఇష్టమైన పని ఒకటుందని పిల్లలు చూస్తారు. మార్కులు లేని పనిని పెద్దవాళ్లు శ్రద్ధగా చేయడం చాలామంది పిల్లలు చూడనే లేదు.

టైమెక్కడుందండీ అంటారని తెలుసు. ఇద్దరూ ఉద్యోగాలు చేసి ఎనిమిదింటికి ఇల్లు చేరేవారి అలసట తీసిపారేసేది కాదు. అందుకే అడుగుతున్నది వారానికొకటి కాదు, 13 రోజులకు ఒకటి. అందులో సగం ఎలాగూ మార్కెట్‌కు వెళ్లినప్పుడు, వంట చేసేటప్పుడు, డాబా మీద బట్టలు తీసేటప్పుడు అయిపోయేవే. చేసే పనే. ఈసారి కాస్త చూసి చేస్తాం.

పరీక్షల వారంలో ఆపేయాలా? అక్కర్లేదు. చదువుకునే పిల్లను పది నిమిషాలు డాబా మీదికి పిలిచినంత మాత్రాన ర్యాంకు జారిపోదు. మా వంతుగా మేము చేయగలిగింది కూడా ఒకటుంది. భోగి ముందురోజు, బతుకమ్మ వారంలో హోంవర్క్ బరువుగా ఉందనిపిస్తే డైరీలో ఒక్క వాక్యం రాసి పంపండి. తల్లిదండ్రులు అడిగితే టీచర్లు తప్పకుండా ఆలోచిస్తారు. అడగకపోతే మాకు సిలబస్ ఒక్కటే గుర్తుంటుంది.

ఈ రాత్రి పది నిమిషాలు తీసుకుని కాగితం గీయండి. 27 గడులూ ఒకేసారి నింపకండి. మృగశిర, ఆరుద్ర, ఈ రెండూ రాస్తే చాలు. మిగతావి వాటి కాలం దగ్గరపడినప్పుడు అవే గుర్తొస్తాయి, లేదా అమ్మమ్మ గుర్తు చేస్తుంది. తొలకరి ఆకాశంలోనే ఉంది. కాగితం అంటించి, గొడుగు తీసుకుని ఒకసారి బయటికి వెళ్లి రండి.