ఆపరేషన్ బిల్లు దగ్గరే ఆగిపోయే బీమా
(భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థకు బహిరంగ లేఖ)

గౌరవనీయులైన ఐఆర్‌డీఏఐ ఛైర్మన్ గారికి, సంస్థ సభ్యులకు,

ఆరోగ్య బీమాలో ఏవి మినహాయించవచ్చో, ఏవి మినహాయించకూడదో తేల్చి చెబుతూ 2019లో మీ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. అంతకు ముందు చాలా పాలసీలు స్థూలకాయ చికిత్సను మారుమాట లేకుండా పక్కన పెట్టేసేవి. మీ మార్గదర్శకాలతో ఆ తలుపు కొంత తెరుచుకుంది. డాక్టరు సలహా, క్లినికల్ ప్రోటోకాల్స్ మద్దతు ఉండి, 18 ఏళ్లు నిండిన మనిషికి బీఎంఐ (ఎత్తును బట్టి బరువును కొలిచే సూచిక) 40 గానీ అంతకు మించి గానీ ఉంటే బరువు తగ్గించే ఆపరేషన్‌ను మినహాయింపు కింద తోసేయడానికి వీల్లేదన్నారు. బీఎంఐ 35 ఉన్నా సరే, గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ అప్నియా, అదుపు తప్పిన షుగరు లాంటివి తోడై, ఇతర మార్గాలు విఫలమైతే అదే నియమం వర్తిస్తుందన్నారు. స్థూలకాయం ఒక జబ్బేనని, తిండి మీద అదుపు లేనితనం కాదని బీమా రంగం చేత ఒప్పించడం చిన్న పని కాదు. అందుకు కృతజ్ఞతలు చెబుతూనే, ఆ పని సగంలో ఆగిందని, మిగతా సగం కూడా మీ చేతుల్లోనే ఉందని ఈ లేఖలో చూపదలచుకున్నాను.

ఇది కొద్దిమంది సమస్య అని పక్కన పెట్టే రోజులు పోయాయి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36 శాతం మంది, మీ ప్రధాన కార్యాలయం ఉన్న తెలంగాణలో 30 శాతం మంది అధిక బరువుతోనో స్థూలకాయంతోనో ఉన్నారు. వీరిలో ఆపరేషన్ దాకా వెళ్లేవారు చాలా తక్కువే. కానీ వెళ్లినవారికి అది జీవితాంతం నడిచే చికిత్సలో మొదటి రోజు మాత్రమే. బీమాకు మాత్రం దాదాపుగా అదే చివరి రోజు.

ఈ మాట ఎందుకంటున్నానో అర్థం కావాలంటే ఆపరేషన్ అసలు ఏం చేస్తుందో చూడాలి. స్లీవ్ అనే పద్ధతిలో జీర్ణాశయంలో మూడు వంతులకు పైగా కోసి తీసేస్తారు. బైపాస్ అనే పద్ధతిలో చిన్న సంచిలాంటి భాగాన్ని మాత్రం ఉంచి, దాన్ని నేరుగా చిన్నపేగులో దిగువ భాగానికి కలుపుతారు. పొట్ట చిన్నదవుతుంది కాబట్టి తిండి తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. అది కథలో ఒక భాగమే. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది జీర్ణాశయం పైభాగంలో. స్లీవ్‌లో ఆ భాగమే పోతుంది. పేగుల నుంచి కడుపు నిండిందని మెదడుకు చెప్పే హార్మోన్లు పెరుగుతాయి. షుగరు తగ్గడం బరువు బాగా తగ్గకముందే, కొందరిలో కొద్ది రోజుల్లోనే మొదలవుతుంది. డైటింగ్‌తో బరువు తగ్గినవారి శరీరం ఆకలి హార్మోన్లను పెంచి పాత బరువుకు లాగుతుంది. ఏడాది తర్వాత కూడా ఆ లాగుడు తగ్గదని 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. ఆపరేషన్ ఆ లాగుడును బలహీనపరుస్తుంది, అంతే. పూర్తిగా తెంచదు.

ఆపరేషన్ తెచ్చే ఆ తేడా ఎంతో కొలిచి చూపినది స్వీడన్‌లో 1987లో మొదలైన అధ్యయనం. ఆపరేషన్ చేయించుకున్న 2,010 మందిని, మామూలు చికిత్స పొందిన 2,037 మందిని ఏళ్ల తరబడి గమనించారు. 2007లో వెలువడిన ఫలితాల ప్రకారం బైపాస్ చేయించుకున్నవారు మొదటి ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్లు గడిచేసరికి ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. మిగిలిన పద్ధతుల్లోనూ గీత ఇదే తీరున నడిచింది: కిందికి వేగంగా దిగింది, తర్వాత కొంత పైకి లేచి, అక్కడ నిలబడింది. ఈ లేవడం వ్యక్తుల వైఫల్యం కాదు. జబ్బు స్వభావమే అది. ఇదే అధ్యయనంలో ఆపరేషన్ చేయించుకున్నవారిలో మరణాల ముప్పు, వయసు వంటి తేడాలను సరిచేసి చూస్తే, 29 శాతం తక్కువగా తేలింది. 2020లో వచ్చిన లెక్క ప్రకారం వారి ఆయుర్దాయం, ఆపరేషన్ చేయించుకోని స్థూలకాయుల కన్నా సుమారు మూడేళ్లు ఎక్కువ. గమనించవలసినది ఏమిటంటే, అందులో ఎక్కువమంది చేయించుకున్నది ఇప్పుడు దాదాపు మానేసిన పాత పద్ధతి. దానితో పదేళ్లకు నిలిచిన తగ్గుదల 16 శాతమే. అంటే ఆయుష్షు పెరగడానికి నాజూగ్గా అయిపోనక్కర్లేదు, తగ్గిన బరువులో సింహభాగం నిలబడితే చాలు.

ఆరోగ్యకరమైన బరువు అంటే ఏమిటన్న ప్రశ్నకు ఇక్కడే జవాబుంది. 160 సెంటీమీటర్ల ఎత్తున్న స్త్రీకి బీఎంఐ 40 అంటే 102 కిలోలు. బైపాస్ తర్వాత ఆమె 32 శాతం తగ్గితే 70 కిలోల దగ్గరికి వస్తుంది. పదేళ్లకు 77 కిలోల దగ్గర నిలిస్తే బీఎంఐ 30. ఆస్పత్రి గోడ మీది చార్టు ఆమె 64 కిలోల లోపే ఉండాలంటుంది. భారతీయులకు సూచించే కొలత ప్రకారం 59కే ఆగాలి. ఆ చార్టు ముందు నిలబెడితే, షుగరు మాత్రలు మానేసి, మోకాళ్ల నొప్పులు తగ్గి, రాత్రిళ్లు ఊపిరి ఆడి నిద్రపోతున్న మనిషి కూడా ఓడిపోయినట్టే కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు, చుట్టాలు ‘అంత ఖర్చు పెట్టావు, మళ్లీ లావవుతున్నావేమిటి’ అంటారు. ఆ మాట పడలేక డాక్టరు ముఖం చూడటం మానేసేవారు ఎందరో. ఎవరికి ఆ సమయంలో సాయం ఎక్కువ కావాలో వారే చికిత్సకు దూరమవుతారు. ఆపరేషన్ తర్వాతి ఆరోగ్యకరమైన బరువు అంటే జబ్బులు అదుపులో ఉండి, పోషకాలు లోపించకుండా, ఏళ్ల తరబడి నిలబెట్టుకోగలిగిన బరువు. దాన్ని ఒక అంకెతో కాదు, క్రమం తప్పని పరీక్షలతో మాత్రమే చెప్పగలం.

నిలబెట్టుకోవడానికి ఏం కావాలో ఒకసారి చూడండి. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు తినాలి. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములు. మన కంచంలో ముందు పడేది అన్నం. చారు కలిపిన నాలుగు ముద్దలతోనే ఆ చిన్న పొట్ట నిండిపోతుంది, ఇక పప్పుకు, చేపకు, పెరుగుకు చోటుండదు. తినే వరసే మార్చుకోవాలి, మాంసకృత్తులు ముందు, అన్నం చివర. గట్టి ఆహారం త్వరగా కడుపు నింపుతుంది గానీ ఐస్‌క్రీం, మిక్చరు, కూల్‌డ్రింకు, చెరుకు రసం సులువుగా దిగిపోతాయి. బరువు మళ్లీ ఎక్కే దారుల్లో ఇదొకటి. విటమిన్ బి12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం వేసుకోవాలి. కాల్షియమే రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు. శాకాహారులకు బి12 ముప్పు మరీ ఎక్కువ. వాంతులు ఆగకపోతే థయామిన్ తగ్గి కొద్ది వారాల్లో మెదడు, నరాలు దెబ్బతినవచ్చు. పెళ్లయిన యువతులకు బరువు తగ్గగానే గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది. కానీ 12 నుంచి 18 నెలలు ఆగాలి. బైపాస్ తర్వాత మద్యం రక్తంలోకి త్వరగా ఎక్కుతుంది. మద్యపాన సంబంధ సమస్య ఆపరేషన్‌కు ముందు 7.6 శాతం మందిలో ఉంటే, రెండో ఏడాదికి 9.6 శాతానికి పెరిగిందని 2012లో అమెరికాలోని ఒక పెద్ద అధ్యయనం చూపింది. ఇవన్నీ ఒక సర్జన్ ఒంటి చేత్తో చూసుకోగల పనులు కావు. డైటీషియన్, ఫిజీషియన్, మానసిక వైద్యులు, రక్తపరీక్షలు, అన్నీ కావాలి. బ్రిటన్‌లోని నైస్ సంస్థ ఆపరేషన్ చేసిన కేంద్రమే కనీసం రెండేళ్లు చూడాలని, ఆ తర్వాత జీవితాంతం ఏడాదికోసారైనా పరీక్షలు జరగాలని చెబుతుంది.

ఇప్పుడు మీ నియమాల దగ్గరికి వస్తాను. మీరు రూపొందించిన ప్రామాణిక పాలసీ ఆరోగ్య సంజీవనిలో డిశ్చార్జి తర్వాతి ఖర్చులకు గడువు 60 రోజులు. ఇతర పాలసీల్లో అటూ ఇటూగా ఉండవచ్చు గానీ ఏళ్లలో లెక్కించేది కాదు. మీ ప్రామాణిక మినహాయింపుల్లో పద్నాలుగోది విటమిన్లు, ఖనిజాలు. ఆస్పత్రి క్లెయిమ్‌లో భాగంగా డాక్టరు రాస్తే తప్ప వాటికి డబ్బు రాదు. అంటే జీర్ణాశయాన్ని కోయడానికి బీమా చెల్లిస్తుంది, ఆ కోత వల్ల శరీరం ఇక సరిగా తీసుకోలేని పోషకాలకు చెల్లించదు. నాట్లు వేయించి, మొదటి తడి తర్వాత కాలువ మూసేయడం లాంటిదిది. స్థూలకాయ చికిత్సకు సంబంధించిన మీ ఆరో మినహాయింపులోనే ఆపరేషన్‌కు ‘క్లినికల్ ప్రోటోకాల్స్’ మద్దతు ఉండాలని షరతు పెట్టారు. ఈ శస్త్రచికిత్సకు సంబంధించిన ఏ ప్రోటోకాల్ చూసినా జీవితకాల పర్యవేక్షణ అందులో విడదీయలేని భాగం. ప్రోటోకాల్‌లో సగాన్ని షరతుగా వాడుకుని, మిగతా సగాన్ని రోగి జేబుకు వదిలేయడం మీ నియమానికే విరుద్ధం.

మరో చిక్కు కూడా ఉంది. మీ నియమం ముఖ్యంగా ప్రస్తుత బీఎంఐ అంకెను చూస్తుంది. 46 నుంచి 30కి దిగి, మళ్లీ 36కి ఎక్కిన మనిషికి షుగరు, గుండెజబ్బు లాంటివి తిరిగి రాలేదనుకోండి. ఆ నియమం ప్రకారం అతను మళ్లీ 40కి చేరేదాకా సాయం లేదు. పెరుగుదల తొలిదశలోనే పట్టుకుంటే తేలికగా ఆగేది, చేయి దాటే దాకా ఆగమన్నట్టవుతుంది. ఈ పరిమితులు మూలంలో 1991 నాటి అమెరికా నిర్ణయాలు. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు వాటిని సవరించి, ఆసియా వాసులకు ఇంకా తగ్గించాయి. అది వేరే చర్చ, దాన్ని ఇక్కడ పెట్టుకోను. కానీ ఒకసారి ఆపరేషన్ అయినవారి విషయంలో అర్హతను ఆపరేషన్‌కు ముందరి బీఎంఐతో చూడాలి, ఆ తర్వాతి దానితో కాదు.

బీమా అంటే ఆస్పత్రిలో చేరిన ఖర్చుకే, ఓపీ ఖర్చులకు కాదని మీ అధికారులు అనవచ్చు. కానీ ఆ గీతను మీరే ఎన్నోసార్లు జరిపారు. అదే 2019లో ఓరల్ కీమోథెరపీ, కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్ల వంటి ఆధునిక చికిత్సలను మినహాయించరాదన్నారు. అంతకు ముందు 2018లో, మానసిక ఆరోగ్య చట్టాన్ని అనుసరించి మానసిక జబ్బులను శారీరక జబ్బులతో సమానంగా చూడమని కంపెనీలకు చెప్పారు. వైద్యం మారినప్పుడు గీత మారడం కొత్తేమీ కాదు.

ప్రీమియం పెరుగుతుందన్నది ఇంతకన్నా బరువైన అభ్యంతరం. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కాకపోతే ఏడాదికి ఒకటి రెండు సార్లు రక్తపరీక్షలు, నాలుగైదు సార్లు డైటీషియన్ సలహా, నెలకు సరిపడా విటమిన్లు, ఇవన్నీ కలిపినా ఆపరేషన్ ఖర్చు ముందు చిన్నవే. పర్యవేక్షణ లేక తీవ్ర రక్తహీనతతోనో నరాల జబ్బుతోనో చేరితే, రెండో ఆపరేషన్ అవసరమైతే, తిరిగి వచ్చిన షుగరు మూత్రపిండాల దాకా పోతే, ఆ బిల్లులన్నీ ఆస్పత్రి క్లెయిములుగా ఇప్పుడు కూడా కంపెనీలే కట్టాలి. అయినా ఏ కంపెనీ తనంతట తాను ముందుకు రాదు, దానికి కారణం ఉంది. ఈ ఏడాది పర్యవేక్షణకు ఖర్చు పెట్టిన కంపెనీకి ఎనిమిదేళ్ల తర్వాతి లాభం దక్కకపోవచ్చు. పోర్టబిలిటీ హక్కుతో పాలసీదారు అప్పటికి వేరే కంపెనీకి మారి ఉండవచ్చు. పోర్టబిలిటీ మంచి హక్కు, అది ఉండాలి. కంపెనీలన్నిటికీ ఒకే బాధ్యత పెట్టినప్పుడే ఈ లెక్క సరిపోతుంది, ఆ పని నియంత్రణ సంస్థ ఒక్కటే చేయగలదు. ఆస్పత్రులు దీన్ని బిల్లులు పెంచే దారిగా మార్చుకుంటాయన్న భయం ఉంటే విడివిడి బిల్లులు వద్దు, ఏడాదికి ఇంతని ఒక ప్యాకేజీగా నిర్ణయించండి.

ఇక, అన్నీ చేశాక తిండి అదుపులో పెట్టుకోవడం రోగి బాధ్యత కాదా అంటారు. బాధ్యతే. కానీ ఏం తినాలో, ఏ విటమిన్ తగ్గిందో, బరువు ఎందుకు ఎక్కుతోందో చెప్పేవారు లేకుండా బాధ్యత ఒక్కటే మోయమంటే అది శిక్ష అవుతుంది. స్టెంటు వేయించుకున్నవారు కొందరు సిగరెట్ మానరు. అందువల్ల స్టెంటు వేసిన డాక్టరును మళ్లీ కలవడం అనవసరమని ఎవరూ అనరు.

బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు వచ్చాక ఆపరేషన్ల గురించి ఇంత ఆలోచించాలా అన్న ప్రశ్న కూడా రావచ్చు. 2025లో టిర్జెపటైడ్, బరువు తగ్గించే మోతాదులో సెమాగ్లుటైడ్ మన దేశంలోకి వచ్చాయి. మంచి మందులే. అయితే సెమాగ్లుటైడ్ ఆపేసిన ఏడాదికల్లా తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్టు పరిశోధనలో తేలింది. అంటే మందైనా కత్తైనా దీర్ఘకాల సంరక్షణ తప్పదు. పైగా ఈ మందులు ఆపరేషన్‌కు పోటీ మాత్రమే కావు, తోడు కూడా. ఆపరేషన్ తర్వాత ఆశించినంత తగ్గనివారికి ఇదే కోవకు చెందిన లిరాగ్లుటైడ్ ఇస్తే 24 వారాల్లో దాదాపు 9 శాతం బరువు తగ్గిందని 2023లో బ్రిటన్‌లో ఒక చిన్న అధ్యయనం చూపింది. మళ్లీ కత్తి పట్టకుండా బరువు నిలిపే దారి ఇది. దానికి చోటు కల్పించవలసింది పాలసీ.

కాబట్టి నా కోరిక ఇది. ఆరో మినహాయింపు కింద ఆపరేషన్‌కు చెల్లించే ప్రతి పాలసీ, ఆ తర్వాత కనీసం ఐదేళ్లు పర్యవేక్షణ ప్యాకేజీకి కూడా చెల్లించాలని, పాలసీ మారినా ఆ హక్కు వెంట రావాలని, ఐదేళ్ల తర్వాత ఏడాదికోసారి పరీక్షలు కొనసాగాలని నిర్దేశించండి. పద్నాలుగో మినహాయింపు నుంచి ఈ రోగుల విటమిన్లను తప్పించండి. నెట్‌వర్క్ ఆస్పత్రులు ఆపరేషన్ అయిన ఏడాదికి తీసిన ఫొటోలతో ప్రకటనలు ఇస్తాయి, ఐదేళ్లకు ఎంతమంది ఇంకా తమ దగ్గరికి వస్తున్నారో చెప్పవు. ఆ లెక్కను ప్రతి ఆస్పత్రి నుంచి రాబట్టి, మీ వార్షిక నివేదికలో ప్రచురించండి. ఆపరేషన్ చేయించుకోవాలో వద్దో, ఎక్కడ చేయించుకోవాలో తేల్చుకునే కుటుంబం ముందుగా చూడవలసిన కాగితం అదే.

ఇట్లు,
ఆరోగ్య బీమా పాలసీదారు ఒకరు